చెరువు కాదని ధ్రువీకరణ

ఇకమీదట ఈ నగరంలో వాన నీటికి అవమానం జరగదని ప్రణాళికా శాఖ ప్రకటించింది. ఇన్నాళ్లూ దాన్ని మురుగుతో కలిపి ఊరవతలికి గెంటినందుకు విచారం వ్యక్తం చేసింది (విచారం మూడు ప్రతుల్లో జారీ అయింది). నీటిని మర్యాదగా చూసే నగరాలను పరిశీలించడానికి పదకొండు మంది అధికారులు విదేశాలకు వెళ్లి, తడవకుండా తిరిగొచ్చారు. ముందుగా నగరంలోని చెరువులన్నిటినీ గుర్తించాలని తేల్చారు.

ఈ ఘనకార్యం సంగతి దర్జీ అక్కకు తెలియదు. ఆమె కొట్టు నాలుగు వీధులు కలిసేచోట ఉంది. ముందు గదిలో కుట్టుమిషన్, వెనక అరగదిలో అత్తగారు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్తది వేయడంతో, రోడ్డు పైకెదిగి కొట్టు గుంటలో పడింది. వాన పడితే నాలుగు వీధుల నీళ్లూ చుట్టపుచూపుగా వచ్చి నాలుగు రోజులుండి పోతాయి.

సర్వేయరు సరిగ్గా ఆ ఏటి చివరి పెద్ద వాన వెలిసిన మర్నాడు వచ్చాడు. సర్వే రోజున తడిగా ఉన్నది పటంలో నీలం, పొడిగా ఉన్నది గోధుమరంగు. ఇదీ నిబంధన. నీళ్లు తోడించడానికే వచ్చాడనుకుని అక్క అతనికి స్టూలు వేసింది.

"నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయమ్మా?"

"ఇదిగో బాబూ, ఈ గుండీల డబ్బా దాకా."

"పూర్తి నీటి మట్టం: గుండీల డబ్బా" అని రాసుకుని, కొట్టుకు నీలం పూసి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా తాఖీదు వచ్చింది. చెరువు గర్భంలో అక్రమంగా కుట్టుపని జరుగుతున్నందున కట్టడాన్ని తొలగిస్తామని దాని సారాంశం.

ఆ గది పోతే మిషన్ పెట్టుకోవడానికి ఊళ్లో అక్కకు జానెడు చోటు లేదు. తాఖీదు పట్టుకుని ప్రణాళికా భవనానికి పరుగెత్తింది. చెరువుల గుర్తింపు మరియు గుర్తింపు రద్దు అధికారి ఆమెను కూర్చోబెట్టి, మెత్తగా మాట్లాడాడు.

"అయ్యా, అది చెరువు కాదండీ. మా కొట్టు."

"వాన నీళ్లు వస్తాయా?"

"వస్తాయండీ."

"నిలుస్తాయా?"

"నిలుస్తాయండీ, మా ఏడుపే అది."

"మరి చెరువంటే ఇంకేంటమ్మా?"

అక్క కాళ్ల కింద గచ్చు చూపించి, "అసలు చెరువు ఈ ఆఫీసున్న చోటే ఉండేదంట కదండీ. దాన్ని పూడ్చే ఇది కట్టారంటారు" అంది.

"ఉండేది. రికార్డుంది. కానీ నేను చేరినప్పట్నుంచీ చూస్తున్నా, ఇక్కడెప్పుడూ పొడిగానే ఉంటుంది."

చెరువు కాదని ధ్రువీకరించమంటూ ఆమె దరఖాస్తు నింపింది. "చేపలు, బాతులు, ఇతర నివాసులు" అన్న గడిలో "అత్తగారు" అని రాసింది. తనిఖీ మాత్రం వానాకాలంలోనే చేస్తామన్నాడు అధికారి. ఎండాకాలంలో అడిగితే ఏ చెరువైనా తాను చెరువు కాదనే అంటుందట.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు మంచం దిగలేదు.

"నీళ్లొస్తున్నాయని ఇన్నేళ్లు మొత్తుకున్నాం, ఒక్కడు నమ్మాడా? ఇప్పుడు నమ్మారు. సంతోషించవే."

తనిఖీకి వానలు రావాలి. తొలగింపుకు ఆ ఇబ్బంది లేదు. గడువు తీరగానే యంత్రం వచ్చింది. అక్క అత్తగారి మంచాన్నీ మిషన్‌నూ రోడ్డు మీదికి లాక్కుని, మిషన్ పక్కనే కూలబడి ఏడ్చింది. చెరువును కాపాడినందుకు సిబ్బంది ఫొటో దిగారు. కూలిన గోడల ఇటుకా మట్టీ ఆ గుంటలోనే పడి, నేల రోడ్డుతో సమానమైంది.

వానాకాలంలో తనిఖీ బృందం గొడుగులతో సహా వచ్చింది. నీళ్లు పక్కనున్న చెప్పుల కొట్టులోకి పోతున్నాయి. దరఖాస్తులో పేర్కొన్న స్థలంలో మాత్రం చుక్క నీరు నిలవడం లేదు. బృందం మూడుసార్లు కొలిచి, దర్జీ అక్క చెప్పిందంతా అక్షరాలా నిజమని నమోదు చేసింది.

వారం తిరక్కుండా ధ్రువపత్రం వచ్చింది. సదరు స్థలం చెరువు కాదనీ, గతంలో కూడా కాదనీ, అక్కడున్న దుకాణాన్ని యథాతథంగా నడుపుకోవచ్చనీ.