దమ్‌దిన్ గారి తొలి విజయం

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన వ్యవస్థలన్నిటిలోకీ మా మంగోలియా మహిళా టెన్నిస్ మండలి వారి పేర్ల నమోదు విధానమే నిర్దుష్టమైనది. అందులో పొరపాటుకు తావు లేదు. ఏం జరిగినా దానికొక నిబంధన దొరుకుతుంది.

అంతర్జాతీయ ఫారంలో ఇంటిపేరు అడిగారు. మాకు ఇంటిపేర్ల వాడుక లేదు, తండ్రి పేరే ముందు తగిలిస్తాం. అందుకని కొలంబో పోటీలో మా క్రీడాకారిణి సోలొంగొ ఆడుతున్నంతసేపూ తెరమీద దమ్‌దిన్ అని పడింది. చీలమండ బెణికినా వదలక, మూడు గంటలు పోరాడి ఆ పిల్ల గెలిచింది. మా జట్టుకు అదే తొలి గెలుపు. విజేత దమ్‌దిన్ అని అంపైరు ప్రకటించాడు.

ఉలాన్‌బాతార్‌లోని మండలి కార్యాలయం గోడమీద విజేతల ఫలకం పన్నెండేళ్లుగా ఖాళీగా వేలాడుతోంది. దానిమీద తన పేరు చూసుకోవాలన్నది సోలొంగొకు చిన్నప్పటి కోరిక. తిరిగొచ్చి చూస్తే అక్కడ బంగారు అక్షరాల్లో దమ్‌దిన్ అని ఉంది.

"అది మా నాన్న పేరండీ," అంది.

నమోదు అధికారి లువ్‌సన్ ఉప్పు టీ గుటక వేశాడు. "మంచిదేగా. ఇంట్లోవాళ్లే గెలిచారు."

"ఆయన ట్రాలీబస్సు నడుపుతారండీ. జన్మలో రాకెట్ పట్టుకోలేదు."

"పట్టుకోకుండానే ఇంత గెలిస్తే, పట్టుకుంటే ఎంత గెలుస్తారో ఆలోచించమ్మా."

ఆలోచన మండలికి నచ్చింది. దమ్‌దిన్‌కు డోపింగ్ పరీక్ష చేశారు (గొర్రె కొవ్వు తప్ప ఏమీ దొరకలేదు). తర్వాతి పోటీకి ఆయన్నే ఎంపిక చేశారు. ఫారంలో 'స్త్రీ' అన్న గడికి టిక్కు ముందే అచ్చయి ఉంటుంది కనుక అభ్యంతరం రాలేదు.

"నావల్ల కాదు తల్లీ. యాభై తొమ్మిదేళ్లు నాకు," అన్నాడు దమ్‌దిన్.

"వెళ్లకపోతే జట్టుమీద మూడేళ్లు నిషేధమట నాన్నా. బంతి మీదికొస్తే పక్కకి తప్పుకో, చాలు."

"తప్పుకోవడమా? ఈ ఊళ్లో ముప్ఫై ఏళ్లు బస్సు నడిపింది ఎలాగనుకున్నావ్?"

ప్రయాణమయ్యేవాళ్ల బండి వెనక, దారి క్షేమంగా సాగాలని, ఇంట్లో మిగిలినవాళ్లు పాలు చిలకరించడం మా ఆచారం. ఈసారి గరిటె సోలొంగొ చేతికొచ్చింది. చేతి అలవాటుకొద్దీ కాస్త బలంగా విసిరింది. పాలు వెనకద్దానికి తగిలి చిట్లాయి.

దమ్‌దిన్ 0-6, 0-6 తేడాతో ఓడాడు (రెండో సెట్టులో తప్పుకోవడం మరిచి ఒక బంతిని తిరిగి కొట్టాడు. సరైన శిక్షణ ఉంటే ఎదుగుతాడని నివేదిక).

సోలొంగొ కార్యాలయానికి పరుగెత్తింది. "ఇప్పటికైనా నా పేరు రాస్తారా అండీ?"

"రాసేశాం. నడవా చివర చూడమ్మా," అన్నాడు లువ్‌సన్.

నడవా చివర కొత్త ఫలకం ఉంది. నిబంధన ప్రకారం గెలుపులు తండ్రి పేరున, ఓటములు కూతురి సొంత పేరున నమోదవుతాయి. దానిమీద మొట్టమొదటి పేరు సోలొంగొదే.

అక్షరాల్లో ఒక్క తప్పు కూడా లేదు.