భర్తకు కీర్తి రావాలంటే నేపుల్స్‌కు తీసుకురండి

మీ ఆయనకు చుట్టాల్లో పేరు లేదా? ఆఫీసులో విలువ లేదా? పుట్టి ఇన్నేళ్లైనా ఒక్క శాలువా కూడా ఎవరూ కప్పలేదా? దిగులుపడకండి! ఇద్దరు చిన్నపిల్లల్నీ, ఆయన్నీ వెంటబెట్టుకుని మూడు రోజులు మా నేపుల్స్ రండి. మామూలు మొగుడిగా రైలు దిగినవాడు మహాపురుషుడిగా రైలెక్కుతాడు. పూచీ నాది!

చంటిపిల్లలతో ఊళ్లు తిరగడం నరకమని కొందరు పనిగట్టుకుని ప్రచారం చేస్తుంటారు. ఆ ప్రచారం చేసేవాళ్లంతా తల్లులే కావడం గమనించారా? తండ్రుల్ని అడిగి చూడండి, తెలుస్తుంది.

నమ్మకం కుదరకపోతే, మొన్న మే నెలలో ఇటలీ ఉత్తరాదిన ఉన్న ఉదీనె నుంచి వచ్చిన కుటుంబం సంగతి వినండి. భర్త రుజ్జేరో బడిలో ఆటల మాస్టారు. భార్య ఒంబ్రెట్టా పళ్ల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. కూతురు డెల్ఫీనాకు నాలుగేళ్లు. కొడుకు తోబియా ఇంకా పాకుతున్నాడు. రుజ్జేరో చెడ్డవాడేమీ కాదు. తాగడు, అరవడు, చెబితే గిన్నెలు కూడా కడుగుతాడు. చెప్పాలి, అంతే.

ప్రయాణం ఆలోచన అతనిదే. "పిల్లలు చిన్నవాళ్లని ఇంట్లోనే కూర్చుంటామా? పద, అలా తిరిగొద్దాం. నీకూ కాస్త రెస్టు దొరుకుతుంది" అన్నాడు.

ఆ రెస్టు కోసం ఒంబ్రెట్టా డైపర్లు, జ్వరం మందు, పాలసీసాలు, మెత్తటి చెంచా, మారుబట్టలు, అవి పాడైతే వాటికి మారుబట్టలు, పక్కన లేనిదే డెల్ఫీనా నిద్రపోని ఒంటిచెవి కుందేలు బొమ్మ సర్దింది. రుజ్జేరో తన సామాను తనే సర్దుకున్నాడు. కెమెరా, నల్లకళ్లజోడు.

స్టేషన్లో దిగేటప్పటికి తోబియా తండ్రి గుండెకు కట్టిన సంచిలో ఉన్నాడు. మిగిలిన ప్రపంచమంతా ఒంబ్రెట్టా చేతుల్లో ఉంది. రెండు పెట్టెలు, మడత బండి, భుజాన బ్యాగు, ఆ బ్యాగు పట్టీ పట్టుకుని వేలాడుతూ డెల్ఫీనా. టాక్సీ డ్రైవరు ఆ నలుగుర్నీ చూశాడు. చూసి, కళ్లు చెమర్చి, రుజ్జేరో భుజం తట్టాడు.

"శభాష్! ఇలాంటి తండ్రిని చూసి ఎన్నాళ్లయిందో!"

తర్వాత పెట్టెలు మోస్తున్న ఒంబ్రెట్టా వైపు తిరిగాడు. "అదృష్టవంతురాలివమ్మా నువ్వు."

చూశారా? ఊళ్లో అడుగుపెట్టి పావుగంట కాలేదు, అప్పుడే మొదటి బిరుదు! ఏ విశ్వవిద్యాలయమైనా ఇంత త్వరగా ఇస్తుందా?

మా వీధుల్లో పరిచినవి నల్లరాళ్లు. పిల్లల బండి కనిపెట్టినవాడు వాటిని చూసి ఉండడు. చక్రం రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడల్లా ఒంబ్రెట్టా వంగి ఎత్తేది. రుజ్జేరో ముందు నడుస్తూ కొడుక్కి చర్చి గోపురాలు చూపించేవాడు. అంతలో తోబియా నెత్తిమీది టోపీ లాగి కింద పడేశాడు. మూడో అంతస్తు కిటికీలోంచి ఒక ముసలావిడ కేక వేసింది.

"ఏమ్మాయ్! ఆ పసివాడికి మాడు పగిలే ఎండ తగుల్తుంటే కనబడటం లేదూ?"

పసివాడు ఉన్నది తండ్రి గుండె మీద. టోపీ పడింది తండ్రి కాళ్ల దగ్గర. తిట్టు మాత్రం అతన్ని పద్ధతిగా దాటుకుని, వెనక బండితో కుస్తీ పడుతున్న తల్లిని వెతుక్కుంటూ వెళ్లింది. మా ఊరి ముసలమ్మల గురి అలాంటిది మరి!

మధ్యాహ్నం పిజ్జా తినడానికి కూర్చున్నారు. రుజ్జేరో ఒక ముక్క తుంచి, ఊది, డెల్ఫీనా నోట్లో పెట్టాడు. ఒక్క ముక్క! అది చూసి వడ్డించేవాడు లోపలికి పరుగెత్తి వంటవాణ్ణి పిలుచుకొచ్చాడు. వంటవాడు పిండి చేతులతోనే వచ్చి, గుమ్మంలో నిలబడి, ఆ దృశ్యాన్ని కళ్లారా చూసుకున్నాడు.

"మా బావ కూడా ఉన్నాడు, ఎందుకూ! వాడికి తన పిల్లల పేర్లే గుర్తుండవు."

ఆ సమయంలో ఒంబ్రెట్టా బల్ల కింద ఉంది. తోబియా విసిరిన చెంచానూ, టమాటాలనూ, వాడి చెప్పునూ ఏరుతోంది. ఆమె పైకి వచ్చేసరికి ఆమె పిజ్జా చల్లారి అట్టలా అయింది.

"తినలేదేమ్మా? రుచిగా లేదా?" అని వడ్డించేవాడు నొచ్చుకున్నాడు. పాపం, అతని మనసు కుదుటపరచడం కూడా ఒంబ్రెట్టాకే పడింది.

మర్నాడు కాఫీ దగ్గర రుజ్జేరో మురిసిపోతూ అన్నాడు. "ఈ ఊరివాళ్లకి పిల్లలంటే ఎంత ప్రేమో చూశావా!"

"పిల్లలంటే కాదు. నువ్వంటే" అంది ఒంబ్రెట్టా, తోబియా నోట్లోంచి చక్కెర పొట్లం కాగితం లాగుతూ.

"భలేదానివే!" అని నవ్వేశాడు. నిజంగానే తమాషా అనుకున్నాడు.

ఆ పూట మ్యూజియం. పిల్లలతో మ్యూజియానికి వెళ్లడంలో ఉన్న లాభం ఏమిటంటే, ఏ బొమ్మ దగ్గరా ఆగే పని ఉండదు! ఒంబ్రెట్టా అప్పటికి చూసినవి మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చోటు, మళ్లీ మరుగుదొడ్డి. పెద్ద హాల్లోకి వచ్చేసరికి, ఒంటిమీద నూలుపోగు లేని పాలరాతి వీరుడి ముందు డెల్ఫీనా ఆగిపోయింది. తల వెనక్కి వాల్చి అతన్ని కిందినుంచి పైదాకా పరీక్షించింది.

"నాన్నా! వాళ్లమ్మ ఈయన బట్టలు తేవడం మర్చిపోయిందా?"

హాలంతా గొల్లుమంది. మూలన కూర్చున్న కాపలావాడు కళ్లు తుడుచుకున్నాడు. రుజ్జేరో కూతుర్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నాడు. "బంగారు తండ్రి!" అని ఎవరో అన్నారు. పిల్లను అన్నారో, అతన్నే అన్నారో తెలియలేదు.

ఒంబ్రెట్టా ఒక్కతే నవ్వలేదు. నాలుగేళ్ల పిల్ల. ఇంకా 'ర' సరిగ్గా పలకదు. కానీ ఎక్కడ ఏ లోటు కనబడినా అది ఎవరి ఖాతాలో రాయాలో అప్పుడే నేర్చేసుకుంది.

మ్యూజియం బయట మెట్ల మీదికి రాగానే ఒంబ్రెట్టా భుజాన ఉన్న బ్యాగు తీసి రుజ్జేరో మెడలో వేసింది.

"నేను కొండ మీదికి వెళ్లొస్తాను."

"ఒక్కదానివా? ఎందుకు?"

"సముద్రం చూడ్డానికి."

"దానికేం, అందరం వెళ్దాంగా!"

"అందరం వెళ్తే మీరంతా సముద్రం చూస్తారు. నేను వీడి ముక్కు తుడుస్తాను."

"మరి వీడు ఏడిస్తే?"

"ఏడుస్తాడు" అంది ఒంబ్రెట్టా. ఇంకో మాట వినకుండా వెళ్లిపోయింది.

కొండరైలు పైకి తీసుకెళ్లింది. గోడవార నిలబడితే కింద ఊరంతా, ఊరి చివర నీలంగా సముద్రం, దాని పక్కన అగ్నిపర్వతం. ఒంబ్రెట్టా కాఫీ తీసుకుంది. అది వేడిగా ఉంది! నాలుక కాలింది. కాలినా ఆ సంతోషం చెప్పలేనిది. కాసేపటికి పక్కనున్న పెద్దాయన ఆమెను వింతగా చూశాడు. అప్పుడు తెలిసింది, తను నిలబడినచోటే కుడికీ ఎడమకీ ఊగుతోందని. చంకలో బిడ్డ లేడు, ఒళ్లు మాత్రం జోకొడుతూనే ఉంది. ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, కాఫీ చివరి చుక్కదాకా తాగింది.

కింద రుజ్జేరో సంగతి? పిల్లలిద్దరూ ఒకేసారి ఎత్తుకున్న రాగానికి పావురాలు లేచిపోయాయి. బ్యాగులో చెయ్యి పెడితే పాలసీసా తప్ప అన్నీ తగిలాయి. చిన్న కూడలిలో మెట్టు మీద చతికిలబడ్డాడు. ఒంటరి తల్లి అలా కూర్చుంటే మా వాళ్లు ఏం చేసేవారు? ఎలా పెంచాలో నేర్పేవారు. ఒంటరి తండ్రి కూర్చున్నాడు! ఇంటిముందు కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు వలుస్తున్న అస్సూంతా అనే ఆవిడ గిన్నె పక్కన పెట్టి లేచింది. ఆమె వెనక ఇంకో ముగ్గురు.

ఒంబ్రెట్టా తిరిగొచ్చేసరికి తోబియా అస్సూంతా భుజం మీద హాయిగా ఉన్నాడు. డెల్ఫీనా ఎవరి పిల్లలతోనో బంతాట ఆడుతోంది. రుజ్జేరో ఎవరింటి కుర్చీలోనో కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని పొరల మిఠాయి తింటున్నాడు. ఒంబ్రెట్టా అక్కడే గుంపు అంచున ఆగింది. అస్సూంతా ఆమెను ఎవరో దారినపోయే మనిషి అనుకుంది.

"చూశావామ్మా ఈ అబ్బాయిని? పెళ్లాం పిల్లల్ని మొహాన కొట్టి షికారు పోయిందట. కిక్కురుమనకుండా చూసుకుంటున్నాడు. దేవుడు!"

"అలాగా! పాపం" అంది ఒంబ్రెట్టా. "పొద్దున్నే పోయిందా?"

"ఎప్పుడు పోయిందో ఏమో. అలాంటి ఆడదాని పక్కన ఇలాంటి మొగుణ్ణి పెడతాడు ఆ పైవాడు!"

రుజ్జేరో తల ఎత్తాడు. ఆమెను చూశాడు. మిఠాయి నోట్లోనే ఆగిపోయింది. చెవులదాకా ఎర్రబడి, పళ్లెం కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"అమ్మా, ఆగండి. ఈవిడే నా భార్య. ఎక్కడికీ పారిపోలేదు. నేను ఈ కాసేపు చూశాను, అంతే. ఆవిడ రోజూ చూస్తుంది. బట్టలు, మందులు, పాలు, అన్నీ ఆవిడే. నేనేమో నిన్నటినుంచీ ఊరందరి చేతా పొగిడించుకుంటున్నాను. నాకే సిగ్గుగా ఉంది."

డెల్ఫీనా పుట్టినప్పటినుంచీ ఎదురుచూసిన మాటను ఒంబ్రెట్టా నలుగురి ముందు విన్నది.

అస్సూంతా ఏప్రన్ కొసతో కళ్లొత్తుకుంది.

"విన్నారటే! నలుగురిలో పెళ్లాన్ని ఎలా వెనకేసుకొచ్చాడో విన్నారటే!"

"తప్పు ఒప్పుకునే మగాడమ్మా! ఈ రోజుల్లో ఎక్కడున్నారు?" అంది రెండో ఆవిడ. "ఏ మహాతల్లి కన్నదో!" అంది మూడో ఆవిడ. పై కిటికీలోంచి ఎవరో చప్పట్లు కొట్టారు. మిఠాయి దుకాణం ఆయన స్వయంగా వచ్చి రుజ్జేరో చేతిలో ఇంకో మిఠాయీ, పొగలు కక్కే కాఫీ పెట్టి, అతని రెండు బుగ్గల మీదా ముద్దుపెట్టుకున్నాడు.

అస్సూంతా ఒంబ్రెట్టానూ మరిచిపోలేదు. దగ్గరికి వచ్చి, ఆమె రెండు చేతుల్లోనూ తోబియాను పెట్టింది.

"తీసుకో తల్లీ. తడిపేశాడు, మార్చు."