ముద్దుపేరు నమోదు పత్రం

"సంసారాన్ని సజావుగా నడిపినవాడే సంఘాన్ని నడపగలడు! కట్టుకున్న భార్యను ఆప్యాయంగా పిలవలేనివాడు ఇరుగుపొరుగును ఆప్యాయంగా ఎలా చూడగలడు?"

ఇవి ఏ ధర్మశాస్త్రంలోని వాక్యాలో అనుకునేరు! ఎల్బీనగర్‌లో ఇరవై నాలుగు ఫ్లాట్ల కళ్యాణి రెసిడెన్సీ సంక్షేమ సంఘం వారి పద్నాలుగో తీర్మానం. రచన, కార్యదర్శి భానుమూర్తి గారు. కిందటిసారి అధ్యక్షుణ్ణి చేతులెత్తి ఎన్నుకుందామంటే, ఎత్తిన చేతులు దిగేటప్పుడు తిన్నగా దిగకుండా పక్కవాళ్ల చెంపల మీద దిగాయి. కారు పార్కింగు దగ్గర మొదలైన మాట నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు విరిగాక గానీ ఆగలేదు. అందుకని ఈసారి ఎన్నిక ఉండదు, పరీక్ష ఉంటుంది. ప్రతి భర్తా తన భార్య ముద్దుపేరును సంఘంలో నమోదు చేయించాలి. వార్షికోత్సవం నాడు మైకులో ఆ పేరుతో పిలవాలి. ఎవరి భార్య అందరికన్నా త్వరగా లేచి నిలబడితే ఆయనే అధ్యక్షుడు!

భానుమూర్తి గారికి ఆ కుర్చీ కావాలి. ఊరికే కావడం కాదు, అది లేకపోతే అన్నం సయించనంతగా కావాలి. ముప్పై మూడేళ్లు సర్కారు ఆఫీసులో సూపరింటెండెంటుగా సంతకాలు పెట్టిన చెయ్యి ఆయనది. రిటైరయ్యాక కొరియర్ కాగితాల మీద తప్ప సంతకం పెట్టే భాగ్యం లేదు. సంఘంలో కార్యదర్శి రాస్తాడు, అధ్యక్షుడు సంతకం పెడతాడు. తను పేజీలకు పేజీలు రాస్తే, చివర ఇంకొకడెవడో వచ్చి గీత గీసి పోతుంటే ఆయన కడుపు రగిలిపోయేది.

నమోదు పత్రం కూడా ఆయనే తయారుచేశాడు. ముద్దుపేరు, అది ఎన్నాళ్లుగా వాడుకలో ఉన్నది, విన్న ఇద్దరు ఇరుగుపొరుగు సాక్షులు, జతపరచిన పత్రాలు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, తన పత్రం నింపబోయేసరికి మొదటి గడిలోనే కలం ఆగిపోయింది.

"ఇదిగో, నిన్ను నేను ఏమని పిలుస్తుంటాను?" అని వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు.

దోసకాయ తరుగుతున్న సూర్యప్రభ గారు తలెత్తలేదు. "ఇప్పుడు పిలిచారుగా, ఇదిగో అని."

"అది కాదే, ముద్దుగా."

"ముద్దుగానా? చెయ్యి ఖాళీ లేనప్పుడు ఏవేవ్ అంటారు. కళ్లజోడు కనబడకపోతే ఒసేవ్ ఎక్కడ చచ్చావే అంటారు. వీటిలో ఏది ముద్దుగా ఉంటే అది రాసుకోండి. నన్నడిగితే సూర్యప్రభ అని రాయండి. మా నాన్నగారు ముచ్చటపడి పెట్టిన పేరు."

"నిబంధనలు ఒప్పుకోవు. అసలు పేరు ముద్దుపేరు కిందికి రాదు!"

"ఎవరు పెట్టారండీ ఆ నిబంధన?"

"నేనే!" అన్నాడు ఆయన గర్వంగా.

ఆ నిబంధన కిందే అంతకు ముందురోజు మొదటి వేటు పడింది. నల్గొండ నుంచి వచ్చి పాతికేళ్లుగా లారీలు తిప్పుకుంటున్న నూటొకటో ఫ్లాటు రామస్వామి, పత్రంలో "అరుణ" అని ఒక్క ముక్క రాసి తెచ్చాడు. ఆయన భార్య పేరు అరుణమ్మ.

"ఇది చెల్లదండీ. ముద్దుపేరు కావాలి," అన్నాడు భానుమూర్తి గారు.

"మా ఆమె పేరే అది సారూ. పిలిస్తే పలుకుతది. ఇంకేం గావాలె?"

"బంగారం, బుజ్జి, ఇలాంటివేవైనా..."

"పేరుండంగ గవన్నీ ఎందుకు సార్? జర మీరే సమజ్ చేస్కోండ్రి."

"సమజ్ చేసుకునే గడి పత్రంలో లేదు," అని భానుమూర్తి గారు తిరస్కరించాడు. పోటీలో ఇరవై మూడు జంటలు మిగిలాయి.

పరీక్ష అన్నాక దిల్‌సుఖ్‌నగర్ ఊరుకుంటుందా! అక్కడ ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే మూడో అంతస్తు ప్రసన్నకుమార్ వెంటనే ఆదివారం బ్యాచ్ పెట్టేశాడు. వార్షికోత్సవంలో స్టాప్‌వాచ్ పట్టుకునే న్యాయనిర్ణేత కూడా ఆయనే. పేపరు దిద్దేవాడే పాఠం చెబితే విద్యార్థికి ధైర్యంగా ఉంటుందని ఆయన అభిప్రాయం! తక్కిన ఇరవై ఇద్దరు భర్తలూ మెట్రో ఎక్కి దిగి, రోజూ ఇంటర్ పిల్లలు కూర్చునే బెంచీల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు.

"బంగారం, బుజ్జి, కన్నా, ఇవి స్కోరింగ్ పేర్లు. అందరూ రాస్తారు, ర్యాంకు రాదు," అని బోర్డు మీద గీత గీశాడు ప్రసన్నకుమార్. "నాలుగక్షరాలు దాటితే రిస్కు. పలికేటప్పుడు నవ్వాలి. పళ్లు కనబడాలి, కోపం కనబడకూడదు. ఇది కాన్సెప్ట్. బట్టీ పట్టకండి!"

సాఫ్ట్‌వేర్ కుర్రాడు వంశీకృష్ణ చెయ్యెత్తాడు. "సార్, వైఫ్ ఫోన్ చూస్తుంటే ఎట్ల సార్?"

"అది అవుటాఫ్ సిలబస్," అన్నాడు ప్రసన్నకుమార్.

రిస్కు తీసుకోనివాడు అధ్యక్షుడెలా అవుతాడని భానుమూర్తి గారు "హృదయసామ్రాజ్ఞి" అని రాశాడు. వాడుకలో ఉన్న కాలం, ముప్పై నాలుగేళ్లు. సాక్షులుగా వంశీకృష్ణ, ప్రసన్నకుమార్. వాళ్ల పత్రాల్లో సాక్షి భానుమూర్తి గారు. ఎవరూ ఎవరి ఇంట్లోనూ ఏదీ వినలేదు గనక సాక్ష్యంలో ఎక్కడా తేడా రాలేదు.

ఇంట్లో సాధన మొదలైంది. హాల్లో నిలబడి, పళ్లు కనబడేలా నవ్వి, "హృదయసామ్రాజ్ఞీ!" అని పిలిచాడు. మళ్లీ పిలిచాడు.

"ఎవరితోనండీ ఫోన్లో?" అంది సూర్యప్రభ గారు లోపలి నుంచి.

వారం గడిచినా మార్పు లేదు. ఆవిడ మొండికెయ్యలేదు పాపం, నిజంగానే ఆ పేరు తనదన్న సంగతి చెవికెక్కడంలేదు. భానుమూర్తి గారికి మాత్రం కుర్చీ చేజారిపోతున్నదన్న దిగులుతో రక్తపోటు పెరిగింది.

వార్షికోత్సవం రానే వచ్చింది. ఆదివారం పొద్దున పది గంటలకు సెల్లారులో కార్లు తీసేసి షామియానా గుడ్డలు కట్టారు. ఓ పక్క భర్తలు, ఓ పక్క భార్యలు. మధ్యలో స్టాప్‌వాచ్‌తో ప్రసన్నకుమార్.

మొదటాయన "బుజ్జీ!" అన్నాడు. ఆయన భార్య తక్కిన వాళ్లతో పాటు చుట్టూ చూసి, పాపం ఎవరో పలకడంలేదని జాలిపడింది. రెండో ఆయన "కన్నా!" అంటే ఎవరి పిల్లాడో పరుగెత్తుకొచ్చాడు. వంశీకృష్ణ "స్వీటీ!" అన్నాడు. అతని భార్య తేజస్విని ఫోన్లోంచి తలెత్తి, అప్పుడు గుర్తొచ్చి లేచేసరికి పదకొండు సెకన్లు. ఇరవై ఇద్దరు అయ్యేసరికి అదే రికార్డు!

చివరి వంతు భానుమూర్తి గారిది. మైకు అందుకున్నాడు. పళ్లు కనబడేలా నవ్వాడు.

"హృదయసామ్రాజ్ఞీ..."

సూర్యప్రభ గారు అరుణమ్మతో ఊరమిరపకాయలు ఎండబెట్టడం గురించి మాట్లాడుతోంది. నాలుగు సెకన్లు. "హృదయసామ్రాజ్ఞీ!" ఏడు సెకన్లు. ముప్పై మూడేళ్ల సంతకం కళ్ల ముందే చెరిగిపోతున్నది. తొమ్మిది! భానుమూర్తి గారికి ఒళ్లు మండింది. కోచింగ్ అంతా ఎగిరిపోయింది.

"ఒసేవ్! ఎక్కడ చచ్చావే!"

సెల్లారు దద్దరిల్లింది. మరుక్షణం కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు! "ఆఁ! వస్తున్నానండీ!" అంటూ లేచి నిలబడింది సూర్యప్రభ గారు. ఆవిడొక్కతే అయితే కథ ఇంతటితో అయిపోయేది. తేజస్వినితో సహా ఇరవై ముగ్గురు భార్యలూ లేచి నిలబడ్డారు! కూర్చునే ఉన్నది ఒక్క అరుణమ్మ.

"ఏందక్కా, అందరు గట్ల లేస్తిరి?" అంది ఆమె బిత్తరపోయి.

ప్రసన్నకుమార్ స్టాప్‌వాచ్ చూశాడు. నిబంధనలు చూశాడు. "మొదటి పిలుపు నుంచి పదిన్నర సెకన్లు. వంశీ కన్నా అర సెకను తక్కువ. పైగా ఒకరికి ఇరవై ముగ్గురు! భానుమూర్తి గారే అధ్యక్షులు!"

"నమోదైన పేరు అది కాదుగా!" అని వంశీకృష్ణ లేవబోయాడు.

"అయితే మీ ఆవిడ ఎందుకు లేచింది బాబూ? కాస్త వివరించు," అన్నాడు భానుమూర్తి గారు. వంశీకృష్ణ కూర్చున్నాడు. వివరించాల్సిన అవసరం తమకూ వస్తుందని గ్రహించి తక్కిన భర్తలందరూ చప్పట్లు కొట్టారు. ఇంత ఏకగ్రీవం ఆ సెల్లారు ఎన్నడూ చూడలేదు!

విజయగర్వంతో భానుమూర్తి గారు చివరి నిబంధన తానే చదివాడు. "అభ్యంతరం ఉన్న సభ్యులు తీర్మానాల పుస్తకంలో పేరు రాయవచ్చు. కార్యదర్శి ఆ పేర్లను మైకులో చదవాలి. సగం ఇళ్లు దాటితే ఫలితం రద్దు. ఎవరైనా ఉన్నారా?"

"నేనున్నాను," అంది సూర్యప్రభ గారు.

"నువ్వా? నీకేం అభ్యంతరం?"

"ప్రేమగా పిలిస్తే లేచామని కుర్చీ తీసుకుంటున్నారు చూడండి, అదీ నా అభ్యంతరం. మేం లేచింది భయపడి. ముప్పై నాలుగేళ్లుగా అలా లేవడానికి నాకు సిగ్గుగా ఉందండీ." ఆవిడ అంతటితో ఆగలేదు. తిన్నగా వచ్చి పుస్తకం అందుకుని, గుండ్రటి అక్షరాలతో పేరు రాసి, కలం తేజస్వినికిచ్చింది. ఆమె వెనక ఇంకొకరు. ఆ వెనక వరస సెల్లారు ర్యాంపు దాకా పోయింది. ఆఖరికి అరుణమ్మ కూడా వచ్చి, "నాకేం లేదు గని, మీతోటి నేను సుత," అని రాసింది.

పేజీ నిండిపోయింది. అధ్యక్షుడి సంతకానికి అడుగున అంగుళం చోటు కూడా మిగల్లేదు.

"చదవండి కార్యదర్శి గారూ, నిబంధన కదా!" అన్నాడు ప్రసన్నకుమార్.

భానుమూర్తి గారు కళ్లజోడు సర్దుకుని మైకు దగ్గరికి వెళ్లాడు. "సూర్యప్రభ," అని చదివాడు. నోటికి అలవాటులేక రెండుసార్లు తడబడ్డాడు. "తేజస్విని. విజయదుర్గ. సంధ్యారాణి. ఉదయలక్ష్మి..."

ఇరవై నాలుగు పేర్లు పూర్తయ్యేదాకా ఒక్కరూ లేవలేదు. అందరూ హాయిగా కూర్చుని విన్నారు.