పొట్టమీద దిగిన పదకొండు వేల విమానాలు

పక్క వాటా ఆవిడ కింది వాటావాళ్లతో చెప్పిన ప్రకారం, మేడమీద విమానాలాయన పుణ్యమా అని ఒక్క నెలలో పదకొండు వేల విమానాలు పొట్టమీద దిగాయట. ఒక్కరికి గోరు కూడా ఊడలేదట. "అదేం చోద్యమమ్మా" అని వాళ్లు బుగ్గలు నొక్కుకున్నారట.

ఆవిడ చెప్పినదాంట్లో ఆవగింజంత అబద్ధం లేదు. కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఒకటుంది. ఆట ఎవరో చేసినదే. అందులో ఎగరేసుకోవడానికి అదనపు విమానాలు తయారుచేసి అమ్ముకోవడం మన విమానాలాయన వృత్తి. ఆయన తాజా విమానం రెక్కల మీద ప్రతి మేకూ లెక్కపెట్టి దిద్దారు. పైలట్ పక్కన కాఫీ కప్పులోంచి ఆవిరి లేస్తుంది. మరుగుదొడ్డి తలుపుకు గడియ పడుతుంది. చక్రాలు మాత్రం కిందికి రావు.

ఈ స్వల్ప లోపం ముందుగా ఎవరి కంటా పడకపోవడానికి సహేతుకమైన కారణముంది. పరీక్షించే బాధ్యతను ఆఫీసులో నలుగురికి లిఖితపూర్వకంగా అప్పగించారు. నలుగురూ నిష్ఠగా విమానాన్ని పైకి లేపారు, మబ్బుల్లో సూర్యాస్తమయానికి ఫొటోలు తీశారు, ఆట కట్టేసి భోజనానికి వెళ్లారు. లేపినదాన్ని దింపి చూడాలన్న దురాలోచన ఎవరికీ కలగలేదు.

కొన్నవాళ్లకు కలిగింది. అలవాటు లేని ఎద్దు మడిలో కూలబడ్డట్టు విమానాలన్నీ పొట్టమీద కూలబడేసరికి, వాళ్ల నోళ్లు లేచాయి. "ఇక నీ దగ్గర కాగితం విమానం కూడా కొనం" అని రాసినవాళ్లే మర్యాదస్తులు. ఇంకో విమానం అమ్ముడుపోకపోతే దుకాణం కట్టేయాల్సిందే. విమానాలాయన చక్రాలు బాగుచేయడానికి కూర్చోబోయాడు.

సంస్థ ప్రచార బాధ్యతలు ఆయన బావమరిదివి. "బావా, నువ్వు చక్రాలు పట్టుకు వేళ్లాడకు. మనకు పోయింది నమ్మకం. ముందు దాని సంగతి చూద్దాం" అన్నాడతను. వెంటనే నమ్మక పునరుద్ధరణ విభాగం ఏర్పాటైంది. దానికొక బోర్డూ, ఒక సోఫా, ఒక పూలకుండీ మంజూరయ్యాయి.

మొదటి క్షమాపణ వీడియోలో విమానాలాయన కెమెరా వంక చూసి, "తప్పు నాదే. బాగుచేస్తాను" అన్నాడు. పశ్చాత్తాపం చాలలేదని విభాగం దాన్ని తిప్పి పంపింది. రెండోదానికి మూడు రోజుల గడ్డం, మాసిన చొక్కా సమకూర్చారు. మధ్యలో ఒకసారి గుటక మింగించారు. మూడోదానికి వయొలిన్ పెట్టారు. జనం కరిగి నీరైపోయారు. "ఇంత అందంగా తప్పు ఒప్పుకున్నవాళ్లను మేమెరగం" అని రాశారు. క్షమాపణను పూర్తిగా అనుభవించాలంటే నష్టపోయి ఉండాలి కదా అని, కొందరు ఆ విమానాన్ని అప్పుడు కొన్నట్టు కూడా తెలియవచ్చింది.

ఈ సందట్లో విమానాలాయన ఒక అనుచితమైన పని చేశాడు. పంతొమ్మిది రోజులు కుర్చీలోంచి లేవకుండా కూర్చుని చక్రాలు బాగుచేశాడు. "చక్రాలు ఇప్పుడు దిగుతున్నాయి" అని ప్రకటన పెట్టాడు. దాన్ని ముగ్గురు చూశారు. అందులో ఒకరు పక్క వాటా ఆవిడ.

చివరికి హాలు అద్దెకు తీసుకుని నమ్మకోత్సవ సభ జరిపారు. కొన్నవాళ్లంతా వచ్చారు. అందరి ముందూ ఒక్కసారి విమానం దింపి చూపించాలని విమానాలాయన పట్టుబట్టాడు. దానికి తనే ఒక మనిషిని ఎంచుకున్నాడు. ఆయన పదవీ విరమణ చేసిన బస్సు డ్రైవరు. "విమానం బాగుంది. దిగడం లేదు" అని అందరికంటే ముందు ఉత్తరం రాసింది ఆయనే.

డ్రైవరు కళ్లజోడు తుడుచుకుని వేదిక మీద కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "నువ్వు కాస్త పక్కకు జరుగు నాయనా, పక్క అద్దం కనపడాలి" అన్నాడు. విమానాలాయన లేని అద్దానికి దారిచ్చాడు. తెరమీద చక్రాలు ఒకటొకటే కిందికొచ్చాయి. నిద్రపోయే బిడ్డను పక్కమీద పడుకోబెట్టినట్టు విమానం నేలను తాకింది. విమానాలాయన కళ్లు చెమర్చాయి. ఈసారి అలా చేయమని ఎవరూ చెప్పలేదు. ఆనందంగా సభవైపు తిరిగితే ఆయనకు మెడల వెనకభాగాలు కనిపించాయి.

ఎందుకంటే సరిగ్గా ఆ నిమిషంలోనే బావమరిది అవతలి గోడమీద కొత్త విమానం బొమ్మకు తెర తీశాడు.

"మీ నమ్మకమే మా ఇంధనం" అని అతను గొంతు సవరించుకున్నాడు. "మీ బాధను మా బాధగా భావించి, ఈ విమానంలో కాఫీ కప్పులు రెండు పెడుతున్నాం. రెండింటికీ ఆవిరి ఉంటుంది. ముందుగా పేర్లు రాయించుకునేవాళ్లు చేతులెత్తండి."

ఆ బొమ్మ తప్ప విమానం ఇంకా తయారే కాలేదని హాలులో విమానాలాయన ఒక్కడికే తెలుసు. చేతులన్నీ లేచాయి. తన చెయ్యి ఎప్పుడు లేచిందో ఆయనకే తెలియలేదు.

డ్రైవరు చేతులు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి.

"ఏం పెద్దాయనా, మా మీద ఇంకా నమ్మకం కుదరలేదా?" అని బావమరిది మైకులోనే నవ్వాడు.

"ముప్పై రెండేళ్లు బస్సు నడిపాను బాబూ. హారన్ బాగుందని ఎవరూ ఎక్కలేదు. దింపుతానని ఎక్కారు."

ఎత్తిన చేతుల్లో ఒక్కటీ దిగలేదు.