తల లేని కోనెం

ప్రజల క్షేమం దృష్ట్యా, ఎవరి ఫోను వారు డబ్బు పెట్టి కొనుక్కున్నదే అయినప్పటికీ, అందులో ఏముండవచ్చో, ఏముండరాదో ఇకమీదట ఫోను కంపెనీవారే నిర్ణయిస్తారని తెలియజేయడమైనది. వారి దుకాణంలో దొరికే యాప్‌లు తప్ప, ఊరూ పేరూ లేనివారు తయారుచేసినవి ఫోనులోకి ఎక్కవు. ఇదివరకే ఎక్కి కూర్చున్నవి పనిచేయవు. ఈ శుభవార్త విని దేశంలో అందరికంటే ఎక్కువ సంతోషించిన మనిషి సీతమ్మధారలో ఒక అపార్టుమెంటులో ఉన్నారు. ఆయన పేరు గురునాథరావు.

గురునాథరావుగారు ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో బల్బు మార్చాలన్నా హెల్మెట్ పెట్టుకుంటారు. గ్యాస్ బండ తెచ్చినవాడి చేత భద్రతా ప్రతిజ్ఞ చేయించిగానీ లోపలికి రానివ్వరు. ఇంతటి మనిషి దొరికాక వదులుకోకూడదని అపార్టుమెంటువాళ్ళు ఆయన్ని సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. పోటీకి ఇంకెవరూ నిలబడలేదన్నది వేరే సంగతి.

ఆ నెల సమావేశంలో ఆయన ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా! ప్రమాదం చెప్పి రాదంటారు. ఇది పాతకాలపు నిర్లక్ష్యం. మన ప్రాంగణంలోకి ప్రమాదమైనా సరే, అనుమతి తీసుకునే రావాలి. యాప్‌కే లేని స్వేచ్ఛ మనిషికెందుకు? గుర్తింపు లేని అమ్మకందారులెవరూ ఇక మన గేటు దాటరాదు. వారి సరుకూ దాటరాదు. ముఖ్యంగా చేపలు!"

సమావేశం త్వరగా ముగిస్తే మిరపకాయ బజ్జీలు వేడిగా ఉండగానే అందుతాయన్న దూరదృష్టితో సభ్యులందరూ ఏకగ్రీవంగా చేతులెత్తారు.

మర్నాడు జాలరిపేట నుంచి చిలకమ్మ ఎప్పటిలాగే చేపల గంపతో వచ్చింది. వాచ్‌మన్ కామరాజు గుర్తింపు అడిగాడు. ఆమె గంప దించి, ఒక చేప మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూపించింది. అంతవరకూ ఆ వీధిలో చెల్లిన గుర్తింపు అదొక్కటే. ఇప్పుడు ఫొటో ఉన్నది కావాలని కామరాజు మర్యాదగా చెప్పాడు. ఆమె గంప ఎత్తుకుని పక్క వీధికి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆ అపార్టుమెంటులో అందరి ఫోనుల్లోనూ 'రేవు కబురు' అనే యాప్ ఉండేది. కింది అంతస్తులో ఉండే ఫ్రాన్సిస్‌గారి అమ్మాయి స్టెఫీ దాన్ని తయారుచేసి, వాట్సాప్‌లో అందరికీ పంపింది. పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరగానే ఏమేం పడ్డాయో చిలకమ్మ అందులో చెప్పేది. కావలసినవాళ్ళు మీట నొక్కితే తెచ్చి ఇచ్చేది. కంపెనీవారి దుకాణంలో అది లేదు. కానీ గురునాథరావుగారి ఫోనులో ఉంది. తన ఫోనులో ఉన్నది అధికారికమనీ, ఇతరుల ఫోనుల్లో ఉన్నది అనధికారికమనీ ఆయన నమ్మకం. ఈ నమ్మకం ఆయనొక్కరికే ఉన్నదని చెప్పలేం.

శుక్రవారం పొద్దున ఆయన ఆ మీట నొక్కారు. ఆదివారం భీమిలి నుంచి బావ తిరుమలరావు భోజనానికి వస్తున్నాడు. గురునాథరావుగారి భార్య మహాలక్ష్మమ్మగారికి ఆయన స్వయానా అన్నగారు. వాళ్ళిళ్ళలో కోనెం చేప పులుసు పెడితే తలకాయ ముక్క బావ కంచంలోనే పడాలి. తల లేకుండా పులుసు పెట్టడం కంటే అసలు పిలవకపోవడమే మర్యాద. పైగా కిందటేడు భీమిలిలో తన కంచంలో పడిన తల చిన్నదని గురునాథరావుగారు పదిమందిలో అని వచ్చారు. కాబట్టి ఈ ఆదివారం ఆయన పరువు మొత్తం ఒక చేప తల మీద ఆధారపడి ఉంది.

'ఈ యాప్ మీకు హాని చేయవచ్చు' అంది ఫోను. కింద ఒకే ఒక్క మీట ఉంది: 'సరే'. ఆయన నొక్కారు. రేవు కబురు మాయమైంది.

ఎవరూ చూడకుండా మెట్లు దిగి స్టెఫీ దగ్గరకు వెళ్ళారు. దారి ఉందనీ, కాకపోతే ఫోనుకు నచ్చజెప్పాలనీ ఆమె చెప్పింది. సెట్టింగుల్లో లోతుగా వెళ్ళగా వెళ్ళగా ఫోను ఒక ప్రశ్న అడిగింది: 'ఎవరైనా మీ చేత బలవంతంగా ఈ పని చేయిస్తున్నారా?' గురునాథరావుగారు పైన వరండాలో నిలబడిన భార్యను ఒకసారి చూసి, అబద్ధం ఆడలేని మనిషి గనక, 'అవును' నొక్కారు. ఆయన రక్షణార్థం ఫోను అక్కడితో తలుపు మూసేసింది.

కంపెనీ దుకాణంలోనే పెట్టవచ్చు కదా అని ఆయన విసుక్కున్నారు.

"పంపేనంకుల్. చిలకమ్మకి ఆఫీసెక్కడుందని అడుగుతన్నారు. నాను ఏటి చెప్పను? పడవెనకాల అని రాయనా?" అంది స్టెఫీ. జాలరిపేట వెళ్ళి మీరే తెచ్చుకోండని సలహా కూడా ఇచ్చింది. తెచ్చుకోవచ్చు. కానీ గేటు దగ్గర కామరాజు ఉన్నాడు.

చివరికి ఆయన అధికారిక దుకాణంలో, నీలం టిక్కు ఉన్న చేపల యాప్ దించుకున్నారు. అది ఆయన ఫోను నంబర్లు చూస్తానంది, ఫొటోలు చూస్తానంది, ఎక్కడ తిరిగేదీ తెలుసుకుంటానంది, ఇంట్లో మాటలు వింటానంది. ఊరూ పేరూ ఉన్న సంస్థ గనక అన్నిటికీ ఒప్పుకున్నారు. చేపకు మన ఫొటోలతో పనేమిటని మహాలక్ష్మమ్మగారు అడిగారు. అధికారిక సంస్థలను ప్రశ్నించడం పౌరధర్మం కాదని ఆయన విశదీకరించారు.

శనివారం సాయంత్రం కోనెం వచ్చింది. సీలు వేసిన డబ్బాలో, ఐసు మధ్య, రాయిలా ఉంది. మహాలక్ష్మమ్మగారు అలవాటు కొద్దీ మొప్ప ఎత్తబోయారు. మొప్ప లేదు. ఎందుకంటే తల లేదు. గురునాథరావుగారు చేపల కంపెనీకి ఫోను చేస్తే ఒక తియ్యటి గొంతు వివరించింది: "చేప పళ్ళు గుచ్చుకునే ప్రమాదం ఉన్నందున, మీ భద్రత కోసమే తల తొలగించాం సార్." ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఇలాంటి వాక్యాలు ఆయన ఇతరులకు చెబుతూ వచ్చారు. తనకు ఇంకొకరు చెప్పడం ఇదే మొదటిసారి. చాలా బాధ కలిగింది.

ఆ యాప్ అంతటితో ఊరుకోలేదు. ఆయన ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ వర్తమానం పంపింది: 'మీ ఆప్తుడు గురునాథరావు తల లేని కోనెం కొన్నారు. మీరూ కొనండి.' అది భీమిలికీ చేరింది.

ఆదివారం తిరుమలరావు ఆటో దిగాడు. చేతిలో గోనెసంచి ఉంది, అందులోంచి కోనెం తల బయటికి చూస్తోంది. కామరాజు అడ్డం నిలబడ్డాడు.

"నాను మీ పెసిడెంటుకి బావని."

"బావకి పర్మిషనుందండి. సేపకే నేదు."

గురునాథరావుగారు కిందికి దిగారు. బాల్కనీల నిండా సభ్యులున్నారు. ఆయన ఒక్కమాట అంటే చేప లోపలికి వస్తుంది, పరువు నిలుస్తుంది. కానీ ఆ మాట అంటే తన తీర్మానం తప్పని ఒప్పుకున్నట్టవుతుంది. రెండు పరువుల మధ్య కాసేపు నలిగి, గొంతు సవరించుకుని, కామరాజు కర్తవ్యనిష్ఠను కొనియాడుతూ చిన్న ఉపన్యాసం చేశారు.

తిరుమలరావు ఆసాంతం శ్రద్ధగా విన్నాడు. "బాగా సెప్పేవు బావా. సేప లోపలికి రాకూడదు, అంతే గదా? అయితే నానూ బయటే ఉంతాను."

కామరాజు గది గేటుకు అవతల ఉంది. అతని భార్య పొయ్యి వెలిగించింది. కాసేపటికి పులుసు వాసన, గుర్తింపు చూపించకుండానే, అన్ని అంతస్తులూ ఎక్కింది. తీర్మానానికి చేతులెత్తిన సభ్యులు ఒక్కొక్కరే కంచాలు పట్టుకుని దిగారు. ఇదీ ఏకగ్రీవమే. చివరికి మహాలక్ష్మమ్మగారు కూడా కంచం తీశారు.

"మా అన్నయ్య కాడికి ఎల్తన్నాను. మీరు జాగర్తగా ఉండండి."

ఇంట్లో గురునాథరావుగారు ఒక్కరే మిగిలారు. ఎదురుగా, ఫ్రిజ్‌లోంచి తీసినా ఇంకా కరగని కోనెం ఉంది. ఆకలిగా ఉంది, సిగ్గుగా ఉంది, కిందికి వెళ్ళాలనీ ఉంది. అప్పుడు ఫోను మోగింది: 'మా కోనెం మీకు నచ్చిందా?' కింద రెండు మీటలున్నాయి. ఒకటి 'చాలా నచ్చింది', రెండోది 'తర్వాత చెబుతాను'. నచ్చలేదని చెప్పే మీట కోసం ఆయన తెరంతా వెతికారు. లేదు. నిట్టూర్చి రెండోది నొక్కారు.

ఆయన్ని చూసి నవ్వడానికి తొందరేమీ లేదు. నచ్చనిది ఎదురైనప్పుడల్లా మనమూ ఆ రెండోదే నొక్కుతూ వస్తున్నాం. కంపెనీవారు దాన్ని అంగీకారం కింద జమ వేసుకుంటున్నారు.