నిత్యయౌవన సాక్ష్యం

గొడుగుల మేస్త్రి తన గొడుగును తానే దొంగిలించాడా, లేదా అన్న గంభీరమైన ప్రశ్నను తేల్చడానికి విచారణ కార్యాలయం సకల ఏర్పాట్లూ చేసింది. గోడకు తెర కట్టారు. అధికారి గారి కుర్చీకి కొత్త దిండు వేశారు. మిగిలిన చోట్లో న్యాయం సర్దుకుంది.

సంగతి చిన్నదే. ముడిచిన గొడుగు కొసన నీళ్లు పట్టే గిన్నెను అమర్చింది మేస్త్రే. ఇల్లు తడపని ఆ గొడుగును ఊరంతా మెచ్చుకుంది. పెద్ద గొడుగుల కంపెనీ మరీ మెచ్చుకుని, అది తనదేనంది. ఓడితే మేస్త్రి ఇక దాన్ని కుట్టకూడదు. కుట్టు పోతే కొట్టు పోతుంది, కొట్టు పోతే కూడు పోతుంది.

అయినా మేస్త్రి ధీమాగానే ఉన్నాడు. ఏళ్ల కిందట బావమరిది చేసిపెట్టిన వెబ్‌సైట్లో గిన్నె గొడుగు ఫొటో ఉంది. పాత వెబ్‌పేజీలను దాచే ఆర్కైవ్ ఒకటి ఆ పేజీని అప్పుడే తేదీ వేసి భద్రం చేసింది.

తెర మీద పేజీ తెరుచుకుంది. పైన చీమ తలకాయంత అక్షరాల్లో ఆర్కైవ్ వేసిన పాత తేదీ. దాని కింద గొడుగంత వెడల్పున, ఎర్రగా మినుకుమంటూ, "స్వాగతం. నేటి తేదీ" అని అచ్చంగా ఆ పూట తేదీ.

"ఏమయ్యా, పొద్దున్నే వండుకొచ్చావా?" అన్నారు అధికారి.

"కాదండీ, అది గడియారం లాంటిది. ఎప్పుడు తెరిస్తే అప్పటి తేదీ చూపిస్తుంది. అందంగా ఉంటుందని మా బావమరిది పెట్టాడు."

"పాత పేజీకి ఇవాళ్టి తేదీ ఎలా తెలుస్తుంది? కలగందా?"

వెనక బెంచీ మీద మేస్త్రి భార్య తమ్ముడి వైపు తిరిగింది. "నీ అందం సంగతి ఇంటికెళ్లాక చూస్తాను, పద."

వాయిదా వేశారు. మళ్లీ తెరిస్తే ఆ వాయిదా రోజు తేదీ. ముద్దాయి వాయిదా వాయిదాకీ సాక్ష్యాన్ని వేడివేడిగా దించుతున్నాడని రికార్డులో రాసుకున్నారు.

కంపెనీ పేజీని ఏ ఆర్కైవూ ఎరగదు. ఫొటో కింద పాత తేదీ ఒకటి టైపు చేసి ఉందంతే. కంపెనీ లాయరు లేచాడు. "అయ్యా, మా తేదీ పొద్దున చూసినా అదే, సాయంత్రం చూసినా అదే. మాట మీద నిలబడే తేదీ మాది. అవతలిది పూటకో మాట."

అధికారి గారు చలించిపోయారు. చలించని తేదీకే తీర్పు ఇచ్చారు.

తీర్పు వెలువడిన మర్నాటి నుంచి అప్పీలు చేసుకోవచ్చు. మర్నాడు మేస్త్రి అప్పీళ్ల కౌంటరు దగ్గరకు వెళ్లాడు. గుమాస్తా ఆఫీసు వెబ్‌సైట్లో తీర్పు తెరిచాడు. ఆ వెబ్‌సైటూ అందంగానే ఉంది: "స్వాగతం. నేటి తేదీ".

"తీర్పు ఇవాళే వచ్చిందండీ. రేపు రండి."

మేస్త్రి రోజూ వెళ్తున్నాడు. తీర్పు రోజూ పుడుతోంది.

ఒక వానరోజు క్యూలో వెనకున్న పెద్దాయన చేతిలో గిన్నె సొట్టపోయిన పాత గొడుగు కనిపించింది. మేస్త్రి తన కుట్టును గుర్తుపట్టాడు.

"మీ దగ్గర కొన్నదే. మా అమ్మాయి బడికెళ్లే రోజుల్లో. ఇప్పుడు దానికే బడికెళ్లే పిల్లలు."

"మరి ఆ మాట లోపల చెప్పొచ్చు కదండీ?"

పెద్దాయన గొడుగు గిన్నెలోని నీళ్లు జాగ్రత్తగా కిటికీ బయట పారబోశాడు.

"విచారణ నాడు చెప్దామనే వచ్చానండీ. తీరా చూస్తే తెర మీద తేదీ వేరేగా ఉంది. మనమే పొరబడ్డామేమోనని ఊరుకున్నాను."