పడటంలో పట్టభద్రులు

వజ్రహస్త విద్యా పరిషత్తు వారి అత్యవసర సమావేశం ఆదివారం ఉదయం పదిగంటలకు పరిషత్తు హాల్లో జరిగింది. పక్కవీధి బ్యాడ్మింటన్ హాల్లో బ్రెజిలియన్ జుజుత్సు అనే విదేశీ కుస్తీవిద్య మీద వచ్చే ఆదివారం ఒకరోజు సెమినారు ఉందనీ, దానికి గురువుగారిని పరిశీలకుడి హోదాలో పంపాలనీ, ఆయన దయతలిస్తే ఆ విద్యకు ఒక ప్రశంసాపత్రం ప్రసాదించాలనీ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. గ్రీవమంటే మెడ. పరిషత్తులో ఇరవై రెండేళ్ళుగా అందరి మెడలూ ఒకేవైపు ఊగుతున్నాయి కాబట్టి ఇతర పద్ధతిలో తీర్మానాలు చేసే అలవాటు సభ్యులకు లేదు.

గురువుగారు పగలు నీటిసరఫరా ఆఫీసులో సూపరింటెండెంటు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా అజేయుడు.

ఆయన విద్య గురించి తెలియనివారి కోసం క్లుప్తంగా చెప్పాలి. శిష్యుడు పిడికిలి ఎత్తి గాలిలో నిలిపి ఉంచుతాడు. గురువుగారు తీరిగ్గా నడిచివచ్చి, 'మబ్బును చీల్చే కొంగరెక్క' అని దెబ్బ పేరు ప్రకటించి, అతని మణికట్టును రెండు వేళ్ళతో తాకుతారు. శిష్యుడు పడిపోతాడు. ఈలోగా అతని రెండో చెయ్యి కదలరాదు. కదిలితే క్రమశిక్షణారాహిత్యం. నిజంగా తలపడటం మాత్రం పరిషత్తులో నిషిద్ధం, ఎందుకంటే ఆ దెబ్బలు నిజంగా తగిలితే ప్రాణాలు పోతాయి. ఇరవై రెండేళ్ళలో ఎవరి ప్రాణమూ పోలేదు కాబట్టి నిషేధం సత్ఫలితాలనిచ్చిందని ఏటా వార్షిక నివేదికలో రాస్తున్నారు.

బెల్టులు పడేతీరును బట్టి ఇస్తారు. తాకితే పడేవాడికి పసుపు. తాకబోతే పడేవాడికి ఆకుపచ్చ. రెండడుగుల దూరం నుంచే పడగలిగితే నీలం. గురువుగారి బావమరిది ఏడడుగుల అవతల, అటు తిరిగి ఉండి, గురువుగారు తుమ్మినప్పుడు పడ్డాడు. అదే సంవత్సరం ఆయనకు నల్లబెల్టుతోపాటు పరిషత్తు కార్యదర్శి పదవి కూడా దక్కింది. పాఠ్యప్రణాళికకు ముందుమాట రాసింది కూడా ఆయనే. తెలుగులో భయపడాలన్నా, ఇష్టపడాలన్నా, కష్టపడాలన్నా, చివరికి నిలబడాలన్నా పడక తప్పదని అందులో సోదాహరణంగా నిరూపించాడు.

గురువుగారి భార్య మాత్రం ఏనాడూ పడలేదు. అందుకని ఆవిడకు సభ్యత్వం ఇవ్వలేదు.

ఇంత వైభవంలోనూ గురువుగారి మనసులో ఒక పురుగు తొలుస్తోంది. ఏడాది కిందట ఆఫీసులో పాత ఫైళ్ళ బీరువా సొరుగు బిగుసుకుపోతే, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని దానిమీద కొంగరెక్క ప్రయోగించారు. సొరుగు కదల్లేదు. వేలు వాచింది. సొరుగుకు పరిషత్తు సభ్యత్వం లేదు కాబట్టి అలా జరిగిందని సర్దిచెప్పుకున్నారు కానీ, ఆ వారమంతా సరిగ్గా నిద్రపట్టలేదు. ఒక్కసారి, పడాలన్న మొహమాటం లేని ఒక్క మనిషి మీద తన విద్య పనిచేస్తే చాలు. అది తేల్చుకోవాలనే ఆయన సెమినారుకు ఒప్పుకున్నారు. ఈ సంగతి తీర్మానంలో లేదు.

బ్యాడ్మింటన్ హాలు గుమ్మంలో షార్ట్స్ వేసుకున్న ఒకాయన మ్యాట్లు తుడుస్తున్నాడు. చెవులు రెండూ ఎవరో పిసికి వదిలేసిన పిండిముద్దల్లా ఉన్నాయి.

"మీ ప్రధానాచార్యులవారు ఎక్కడ ఉంటారయ్యా?" అని బావమరిది అడిగాడు.

"నేనేనండీ కోచ్‌ని. కొంచెం పక్కకి జరుగుతారా, తడిగా ఉంది."

తన తుడుపు తానే తుడుచుకునే విద్య ఎంతవరకు ఎదుగుతుందని బావమరిది నోటుపుస్తకంలో మొదటి పరిశీలనగా రాసుకున్నాడు. పరిశీలకుల కుర్చీ ఎక్కడని అడిగితే కుర్చీలు లేవన్నారు. చూడాలంటే గోడ దగ్గర నిలబడాలి, తెలుసుకోవాలంటే మ్యాటు మీదికి రావాలి. గురువుగారు చెప్పులు విప్పి మ్యాటెక్కారు. బావమరిది గోడను ఎంచుకున్నాడు.

మొట్టమొదట అందరినీ వెల్లకిలా పడుకోబెట్టి, నడుము మెలితిప్పుతూ రొయ్యలా వెనక్కి జరగమన్నారు. మబ్బులు చీల్చిన మనిషి హాలు ఈ చివర నుంచి ఆ చివరకు రొయ్యై వెళ్ళారు. ఇక్కడి పట్లకు పేర్లు కూడా బొత్తిగా కళాదృష్టి లేనివి. మెడను పడితే మెడపట్టు. చేతిని పడితే చేతిపట్టు. అన్నిటికంటే ఘోరం, ఎదుటివాణ్ణి "గట్టిగా ఆపండి, లొంగకండి" అని కోచే స్వయంగా రెచ్చగొడతాడు. ఊపిరాడకపోతే అరచేత్తో రెండుసార్లు తట్టాలి. తడితే అవతలివాళ్ళు వెంటనే వదిలేస్తారు. ఇద్దరూ చేతులు కలుపుకుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా మళ్ళీ మొదలుపెడతారు. ఓటమిని ఇంత బాహాటంగా, అదీ నిమిషానికోసారి ఒప్పుకునేవాళ్ళను బావమరిది ఎన్నడూ చూడలేదు. తమ విద్యలో నిలబడి గెలుస్తారు, వీళ్ళ విద్యలో పడ్డాకే ఆట మొదలవుతుంది. తేడా అక్కడే ఉందని రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

జతలు కట్టేటప్పుడు గురువుగారికి వాటాగా వచ్చింది పళ్ళడాక్టరమ్మ. ఆవిడ ఒకప్పుడు పరిషత్తులో మూడేళ్ళు శిష్యురాలు. నీలంబెల్టు దాకా పడి, తర్వాత మానేసి ఇక్కడ చేరింది. ఆరునెలలైంది. ఇక్కడ ఇంకా తెల్లబెల్టే. గురువుగారిలో సగం బరువుండదు.

"గట్టిగా పట్టుకో అమ్మా, మొహమాటపడకు," అన్నారు గురువుగారు. అని, రెండు వేళ్ళతో ఆవిడ మణికట్టును తాకారు.

పళ్ళడాక్టరమ్మ ఆ రెండు వేళ్ళనూ, వాటి వెనకున్న చేతినీ, దాని వెనకున్న గురువుగారినీ పట్టుకుని కిందికి లాగింది. మట్టి కరవడం పాతకాలపు మాట. ఆయన మ్యాటు కరిచారు. మరుక్షణం ఆవిడ చెయ్యి ఆయన మెడచుట్టూ బిగిసింది.

"నొప్పిగా ఉంటే చెప్పండి గురువుగారూ," అంది, రోజూ పళ్ళు పీకేముందు అనే గొంతుతోనే.

గురువుగారికి నొప్పి చెప్పే పద్ధతి తెలియదు. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ అవసరం పడలేదు. చెవుల్లో ఈలలు మోగుతుంటే గోడవైపు చూశారు. బావమరిది పెన్ను ఆపి, పైకప్పును పరిశీలిస్తున్నాడు. చివరికి ఆయన చెయ్యి తనంతట తానే లేచి మ్యాటు మీద రెండుసార్లు తట్టింది. వెంటనే గాలి ఆడింది. అయిదు నిమిషాల్లో ఆ చెయ్యి ఏడుసార్లు తట్టింది.

నీళ్ళు తాగే విరామంలో ఆయన మెల్లగా అడిగారు. "మూడేళ్ళు నా దగ్గర పడ్డావు కదమ్మా. అప్పుడు నీకు ఏమనిపించేది?"

ఆవిడ సీసా మూత బిగించింది. "ఏమీ అనిపించేది కాదండీ. ముందువాళ్ళు పడేవారు, నేనూ పడేదాన్ని. ఓసారి పడకుండా నిలబడదామనుకున్నా. మీ మొహం చూస్తే మనసొప్పలేదు."

గురువుగారు సీసా కిందపెట్టారు. "సరే, మళ్ళీ పట్టుకో."

ఈసారి ఆవిడ ఆయన్ని వెల్లకిలా పడేసి, ఛాతీ మీద అడ్డంగా వాలి నొక్కిపట్టింది. కొంగ, మబ్బు, వజ్రం, ఏదీ పనిచేయలేదు. అప్పుడు ఆయనకు పొద్దుటి రొయ్య గుర్తొచ్చింది. మోచేయి ఇరికించి, నడుము మెలితిప్పి, ఊపిరి బిగబట్టి జరిగారు. నాలుగంగుళాల సందు దొరికింది. ఆ సందులోంచి మోకాలు దూర్చి బయటపడ్డారు. ఆవిడ శక్తికొద్దీ ఆపింది, అయినా బయటపడ్డారు. యాభై మూడేళ్ళ మనిషి కళ్ళనిండా నీళ్ళతో మ్యాటు మీద కూర్చుండిపోయారు. జీవితంలో మొదటిసారి ఒకటి నిజంగా పనిచేసింది. కొలిస్తే నాలుగంగుళాలు.

ఇంటికి వెళ్ళాక భార్య మెడకు మందు రాస్తూ, "ఇన్నాళ్ళకు ఎవరో నిజంగా పట్టుకున్నట్టున్నారే," అంది.

"ఏడుసార్లు," అన్నారాయన, కొంచెం గర్వంగానే.

మర్నాటి సభలో కార్యదర్శి నివేదిక చదివాడు. "పూజ్యులైన గురువుగారు ఎదుటివారి చేతులను తమ కంఠానికి ఏడు పర్యాయములు ఆహ్వానించి, ప్రతి పర్యాయమూ మ్యాటును రెండుసార్లు ఆశీర్వదించిరి. ఆ విద్య వారి పాదాల కిందనే కాక వీపు కింద కూడా ఉన్నదని రుజువు చేసిరి." చప్పట్లు మూడు నిమిషాలు మోగాయి.

సభ ముగిశాక గురువుగారు బావమరిదిని పక్కకు పిలిచారు. "నువ్వు చూశావు కదరా, అక్కడే ఉన్నావు. అలా ఎందుకు రాశావు?"

"మీరు ఊరుకోండి బావగారూ. మీరు ఓడిపోతే పోయేది మీ ఒక్కరి పరువా? నా నల్లబెల్టు ఏం కావాలి? ముప్పై ఎనిమిది మందికి బెల్టులిచ్చాం. వాళ్ళ ఇళ్ళల్లో గోడలకు ఫోటోలున్నాయి. మీకు నిజం కావాలంటే కావచ్చు, వాళ్ళకేం కర్మ?"

అయినా గురువుగారు పట్టువదల్లేదు. ఇకనుంచి తనను నిజంగా ఆపినవాడికే పై బెల్టు అని ఉత్తర్వు జారీచేశారు. పరిషత్తు దాన్ని శిరసావహించింది. వారం తిరిగేసరికి 'ప్రతిఘటన' పాఠ్యాంశమైంది. పసుపుబెల్టు ఒకటి లెక్కపెట్టేదాకా ప్రతిఘటించి పడాలి, ఆకుపచ్చ రెండు, నీలం మూడు. గురువుగారు నేలమీద పడుకుని, బావమరిదిని మీద వాలి నొక్కమన్నారు. అతను వాలాడు, మూడు లెక్కపెట్టాడు. గురువుగారు ఎంతో ఆశగా నడుము కదిలించేలోపే ఏడడుగుల అవతలికి ఎగిరిపోయాడు. తన నాలుగంగుళాలు ఇంకా ఉన్నాయో లేదో చూసుకునే దారి కూడా ఆయనకు మూసుకుపోయింది.

దాంతో ఆయన చివరి నిర్ణయానికి వచ్చారు. శనివారం సాయంత్రం సభ్యులందరినీ, వారి కుటుంబాలనూ పిలిచి, హాలు మధ్యలో నిలబడి నల్లబెల్టు విప్పి నేలమీద పెట్టారు.

"ఇరవై రెండేళ్ళుగా మీరు పడుతున్నారు కాబట్టి నేను గెలుస్తున్నాను," అన్నారు. "అంతకుమించి నాకేమీ రాదు. నన్ను క్షమించండి. రేపటినుంచి నేను పక్కవీధిలో తెల్లబెల్టుతో మొదటినుంచి నేర్చుకుంటాను. రావాలనుకున్నవాళ్ళు నాతో రండి."

హాల్లో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. సూది పడలేదు. బావమరిది పడ్డాడు. తర్వాత నల్లబెల్టులు, తర్వాత నీలం, ఆకుపచ్చ, పసుపు, వరసక్రమం ఎక్కడా తప్పకుండా అందరూ బొక్కబోర్లా పడ్డారు. కుర్చీల్లో ఉన్న కుటుంబసభ్యులు చప్పట్లు కొట్టారు. ఆఫీసరుగారి జోకు పూర్తికాకముందే నవ్వు పూర్తిచేసే పాఠకులకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు. బావమరిది పడుకునే నోటుపుస్తకం తెరిచి, గురువుగారి శక్తి ఇప్పుడు చేతులు దాటి మాటల్లోకి ప్రవేశించిందని నమోదుచేశాడు.

గురువుగారు పడున్నవాళ్ళను దాటుకుంటూ తలుపువైపు నడిచారు. అక్కడ ఒకే ఒక్కడు నిటారుగా నిలబడి ఉన్నాడు. కళ్ళజోళ్ళ షాపాయన. ఆయన్ని చూడగానే గురువుగారికి ప్రాణం లేచివచ్చింది. దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ పట్టుకున్నారు.

"అయ్యా, మీరొక్కరే పడలేదు. ఎందుకు పడలేదో కొంచెం అందరికీ వినబడేలా చెప్పండి."

కళ్ళజోళ్ళ షాపాయన బిక్కమొహం వేశాడు. "తప్పుగా అనుకోకండి గురువుగారూ. పొద్దున్నే చేరాను. సోమవారం నుంచి నేర్పుతామన్నారు."